ఎర్ర టెర్మినల్

2003 ఆగస్టు, గురువారం రాత్రి
కుందలహళ్ళి

ఇన్నాళ్ళూ సర్వర్లకి కమాండ్లు కొట్టే నా టెర్మినల్ విండో చూసి ఆఫీసంతా కుళ్ళుకునేది. వెనకాల సముద్రం బొమ్మ, దాని మీద తేలుతున్నట్టు అక్షరాలు. ఇవాళ ఆ సముద్రమే నన్ను ముంచబోయింది.

మా టీమ్ లీడ్ గిరిజక్క పద్ధతి ఒకటుంది. కస్టమర్లు వాడే లైవ్ సర్వర్ మీద ఏం చేయాలన్నా ఇంకొకరు పక్కన కూర్చోవాలి. ఎంటర్ కొట్టే ముందు మిషన్ పేరు పైకి చదవాలి. నేను రీబూట్ చేసేది మేం ప్రయోగాలకి వాడుకునే టెస్ట్ మిషన్నే అనుకుని ఎవర్నీ పిలవలేదు. గిరిజక్క అటుగా పోతూ ఆగి, "ఏ మిషనప్పా ఇది?" అంది.

"టెస్ట్" అన్నా.

"పేరు చదువు."

చదివితే లైవ్! వేలు ఎంటర్ మీదే ఉంది. నొక్కుంటే కస్టమర్లందరి పనీ ఆగిపోయేది. అన్ని మిషన్ల విండోల్లోనూ అదే సముద్రం మరి, ఏది ఏదో ఎట్లా తెలుస్తుంది?

ఆమె తిట్టలేదు. అదే ఎక్కువ భయపెట్టింది. నన్ను పర్మనెంట్ చేసేదీ లేనిదీ వచ్చే వారం తేల్చేది ఆమే.

సాయంత్రం దాకా నాలుగైదు రకాల టెర్మినల్ ప్రోగ్రాములు మార్చి చూసి, కాన్సోల్ అనేదాని దగ్గర ఆగా. అందం తక్కువే. కానీ ఒక్కో సర్వర్‌కి ఒక్కో రంగు పెట్టుకోవచ్చు. లైవ్‌కి ఎరుపు, టెస్ట్‌కి ఆకుపచ్చ.

గిరిజక్క చూసి, "బాగుండాది, నాకూ ఇట్లే పెట్టియ్యప్పా" అంది. పోతూ పోతూ, "రేపు లైవ్ పని నువ్వే చెయ్యి. నేనొచ్చి కూర్చోనులే" అంది.

నమ్మకమా, పరీక్షా... ఏదైనా కానీ, రేపు ఇంకో కుర్చీ లాగి ఆమెనే పిలుస్తా. పేరు పైకి చదివితే వినేవాళ్ళు ఒకరుండాలి కదా.