చేతికి తెలియని వేడి

జూలై 9, బుధవారం

చిన్న తోడికోడలికి, పెద్ద తోడికోడలు దీవించి రాయునది. వంటనూనె ప్రకటనలో ఒక్క పూట తోడికోడళ్లమయ్యాం, ఇన్నేళ్లయినా ఆ వరస మనల్ని వదల్లేదు. నువ్వూ మీ ఆయనా కులాసా అని తలుస్తాను. నేను మాత్రం కులాసాగా లేను. భయంగా ఉంది, నీకు తప్ప ఎవరికీ చెప్పుకోలేను.

ముందు కబురు. పసిపిల్లల సబ్బు ప్రకటనలో అమ్మమ్మ వేషం నాకే వచ్చింది. ఆ రోజు ఆడిషన్‌కి మనిద్దరం ఒకే బెంచీ మీద కూర్చున్నాం కదా. లోపల ఖాళీ టబ్బు, ప్లాస్టిక్ బొమ్మ. లేని నీళ్లలో చెయ్యి పెట్టి, గోరువెచ్చగా ఉన్నట్టు నవ్వి, బొమ్మని దించాలి. నవ్వు నీకంటే నాదే బాగుందని దర్శకుడు అన్నాడట. ఉడుక్కోకు, రెండో పేరు నీదేనట.

వెంటనే నీకు ఫోన్ చేసి గొప్పలు పోవలసినదాన్ని. అంతలో టీ పొడి ఆడిషన్ ఒకటి తగిలింది. మనకి కప్పులో ఎప్పుడూ చల్లారిపోయిన టీయే కదా ఇస్తారు, వేడి మన ముఖంలోనే పుట్టాలి. నేనూ అలాగే కప్పుని రెండు అరచేతులతో చుట్టి పట్టుకుని, కళ్లు మూసుకుని హాయిగా ఊపిరి తీశాను. కెమెరామన్ ఇంకాసేపు అలాగే ఉండమన్నాడు, ఉన్నాను. ఆఖర్న గుక్క తాగబోతే పెదవి చుర్రుమంది. ఆవిరి కనిపించాలని ఆ రోజు మరిగే టీ పోశారట. కళ్లజోడు తీయించారు కాబట్టి ఆవిరి నాకు కనబడలేదు. పెదవికి తెలిసిన వేడి నా చేతులకి తెలియలేదు.

ఎంత సహజంగా చేశారండీ అని అందరూ మెచ్చుకుంటుంటే నేను అరచేతులు తిప్పి తిప్పి చూసుకున్నాను. ఇంటికొచ్చేసరికి అరచేతులు బొబ్బలెక్కాయి. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటారే, కాలినట్టే తెలియనిదాన్ని ఏ ఆకులు పట్టుకోను?

డాక్టరమ్మ నన్ను కళ్లు మూసుకోమని, వేలి మీద సూదితో గుచ్చితే తెలుస్తోందా అని అడిగింది. తెలుస్తోందని కాస్త ముఖం కూడా చిట్లించాను. అప్పటికింకా గుచ్చనే లేదట. షుగరు వల్ల నరాలు మొద్దుబారాయని, పోయిన స్పర్శ తిరిగొస్తుందని మాట ఇవ్వలేనని చెప్పింది.

వచ్చే వారం సబ్బు షూటింగ్. ఈసారి టబ్బులో నిజం నీళ్లు, నా చేతుల్లో నిజం బిడ్డ. పనున్నా లేకున్నా కుళాయి కింద చెయ్యి పెట్టి చూసుకుంటున్నాను. వేడో చల్లనో కళ్లతో చూస్తే గాని తెలియడం లేదు. చెబితే ఈ వేషం ఒక్కటే పోదు. ఆవిడకి చేతులు పనిచేయవట అన్న మాట ఒక ఆఫీసులో పుడితే సాయంత్రానికి అన్ని ఆఫీసులకీ పాకుతుంది. ఈ వయసులో ఎందుకమ్మా నీకిదంతా అనడానికి ఇంట్లో కాచుకుని కూర్చున్నారు. ఎవరూ పిలవని నన్ను నేను ఊహించుకోలేను.

అందుకే చెప్పదలుచుకోలేదు. నీళ్లు చూసుకోవడానికి అక్కడ పదిమంది ఉంటారు, నేను నటించి వచ్చేస్తే సరి. నువ్వూ నోరు మెదపకు. ధైర్యం చెబుతూ నాలుగు ముక్కలు రాయి, చాలు.

ఇట్లు,
నీ పెద్ద తోడికోడలు

తా.క.: గురువారం. కవరు అంటించబోతూ మనసు ఆగక ఆఫీసుకి ఫోన్ చేశాను. బిడ్డని దించేముందు నీళ్ల వేడి ఎవరు చూస్తారని అడిగాను. అక్కడి అమ్మాయి నవ్వి, "మీరే కదమ్మా చూసేది, షాటే అది" అంది. బిడ్డ వయసెంతని అడిగాను. మూడు నెలలంది. నా చేతులకి వేడి తెలియదమ్మా అని చెప్పేశాను. ఆ వేషానికి నా బదులు నిన్ను పిలవమన్నాను. నీ నంబరు ఇచ్చాను. పిలుస్తారు, వెళ్లు. నవ్వు ఎలా ఉన్నా ఫరవాలేదు. నీళ్లలో చెయ్యి పెట్టేటప్పుడు మాత్రం నటించకు.