పేరు దొరికిన గుడ్డ

లోమే,
30 ఏప్రిల్ 1958

అబ్లావీ అక్కకి,

నువ్వు పంపిన, నీలం మీద పసుపు పిట్టలున్న ఆ గుడ్డ బేలు మొత్తం అమ్ముడుపోయింది. అక్రాలో ఆ రకం ఇంకా దొరికితే వెంటనే పంపు.

మన బజారులో పేరు లేని గుడ్డని ఎవరూ కట్టరు కదా. దీనికి పేరే కుదరక మూలన పడుంది. ఇంతలో ఫ్రెంచివాళ్ళు మన శాసనసభకి ఎన్నికలు పెట్టారు. సైన్యం, డబ్బు మాత్రం వాళ్ళ దగ్గరే. అత్తగారు వంటిల్లు అప్పగించి, సామాన్ల గది తాళంచెవి బొడ్లో దోపుకున్నట్టు. అయినా ఈసారి ఆడవాళ్ళందరికీ ఓటుంది.

ఆదివారం నేను ఆ గుడ్డే కట్టుకుని వెళ్ళాను. ఓటేసి బయటికి రాగానే మా ఆయన అగ్బెకో గుమ్మంలోనే పట్టుకున్నాడు.

"ఎవరికేశావే?"

"చెప్పను."

"మొగుణ్ణి, నాక్కూడానా?"

"నీకసలే చెప్పను."

వరసలో ఆడవాళ్ళంతా గొల్లున నవ్వారు. చేపలమ్మే డోవి నా గుడ్డ అంచు పట్టుకుని, "దీని పేరేంటే?" అంది.

"ఇప్పుడు విన్నావుగా. 'మా ఆయనకి చెప్పను'."

మర్నాడు కొట్టు తెరిచేసరికే జనం. మా అత్తగారూ ఒకటి పట్టుకెళ్ళింది. ఆ వయసులో మామగారికి ఏం దాస్తుందో మరి.

అగ్బెకో రెండు రోజులు ముఖం మాడ్చుకు తిరిగాడు. ఈ పొద్దున వచ్చి, నాకోసం దాచుకున్న ముక్కతో తనకో చొక్కా కుట్టించమన్నాడు.

"ఇంతకీ నువ్వెవరికేశావు?" అని అడిగాను.

"దీని పేరు నువ్వే పెట్టావుగా," అంటూ ఆ గుడ్డని వేలితో చూపించాడు.

నీ చెల్లెలు