రాజమణిని పడుకోనిచ్చాము

ధూల్‌పేట, 1941 శ్రావణం, బుధవారం

భువనగిరిలో ఉన్న కృష్ణమ్మ వదినకు ఆండాలు దండాలు.

వదినా, ఈ ఉత్తరం చూసి భయపడకండి. మీ కూతురు రాజమణికి జ్వరం లేదు, దగ్గు లేదు. నిద్రలో మెలకువ వస్తుందట, కాలూ చెయ్యీ కదలవట, గుండెల మీద ఎవరో కూర్చున్నట్టు ఉంటుందట. అరుద్దామంటే గొంతు రాదట. మంత్రగాడు మల్లన్న చూసి దయ్యమన్నాడు. కన్ను మూస్తే పట్టుకుంటుంది, పడుకోనివ్వొద్దన్నాడు. అందుకని నేనూ, మా కొడుకు వైకుంఠమూ వంతులేసుకొని పిల్లను కూర్చోబెడుతున్నాము. కునుకు తీస్తే మొహాన నీళ్లు కొడుతున్నాము. తెల్లవారకముందే బర్రెల పాలు పిండాలి కదా, తూలుతూనే పిండుతోంది. ఇంత చేసినా తగ్గలేదు, ఇంకా పెరిగింది. పుట్టింటికి పంపేసి వైకుంఠానికి వేరే సంబంధం చూడమని కులపెద్దలు అంటున్నారు. వాడు తల వంచుకొని కూర్చున్నాడు. నేనూ సరేనన్నాను వదినా. అమావాస్య వెళ్లాక వచ్చి తీసుకుపోండి.

మీ ఆండాలు

ధూల్‌పేట, శనివారం

కృష్ణమ్మ వదినకు,

మీరు రావద్దు. రైలెక్కకముందే ఇది అందుతుందో లేదోనని ఒకటే ఫికర్.

నిన్న మధ్యాహ్నం రాజమణి గడ్డిమోపు పక్కన వెల్లకిలా ఒరిగింది. లేపుదామని నీళ్ల చెంబుతో పోయాను. కళ్లు తెరిచే ఉన్నాయి. కొసల నుంచి నీళ్లు కారుతున్నాయి. మనిషి కదలదు, నన్నే చూస్తోంది. ఆ చూపు నాకు తెలుసు వదినా. పెళ్లైన కొత్త నుంచీ నాకూ అదే వస్తుంది. చెబితే నన్నూ పంపేస్తారని, మా ఆయన పోయేదాకా ఆయనకు కూడా చెప్పలేదు. ఎవరైనా కదిపితే వదులుతుందని తెలుసు గనక, చెంబు కింద పెట్టి పిల్ల కాలి బొటనవేలు పట్టి గట్టిగా గుంజాను. ఊపిరి పీల్చుకొని లేచింది.

“నీకెట్ల ఎరుక అత్తా?”

“నా మీద గూడ కూసుంటది బిడ్డా. ఇన్నేండ్ల సంది కూసుంటనే ఉన్నది, ఇంక సంపలే.”

ఏడ్చింది. ఏడుస్తూనే నవ్వింది. “మనిద్దరి మీద కూసుంటె ఇగ దానికే నిద్ర లేనట్టుంది అత్తా.”

వెంటనే చార్మినార్ దగ్గరి హకీం సాబుకు చూపించాను. దీన్ని కాబూస్ అంటారట, పాత జబ్బేనట, నిద్ర చాలని వాళ్లను ఎక్కువ పీడిస్తుందట. మీరేం చేస్తున్నారని అడిగాడు. పడుకోనివ్వడం లేదన్నాను. ఆయన నుదురు పట్టుకున్నాడు. పక్కకు తిరిగి పడుకోమన్నాడు, రాత్రి కొంచెమే తినమన్నాడు, కడుపునిండా నిద్రపోనివ్వమన్నాడు.

సాయంత్రం పెద్దలు వచ్చారు. వాళ్ల ముందు నిలబడే చెప్పాను.

“పంపుతె ఇద్దర్ని పంపుండ్రి. గదే దయ్యం నాకూ ఉన్నది. నాకైతె పుట్టిల్లు లేదు, మీ ఇండ్లల్లనే పెట్టుకోండ్రి.”

ఇచ్చిన మజ్జిగ కూడా తాగకుండా పోయారు. వైకుంఠం అప్పుడు తల ఎత్తాడు. ఇక తెల్లవారుజాము పాలు తానే పిండుతానన్నాడు. కొత్త చేయి కదా, ఈ పొద్దు బర్రె తన్నిందే గాని పాలు చేపలేదు, చుక్క కూడా దిగలేదు. చేపకపోతే పోనీ, నేర్చుకుంటాడు.

రాజమణి పక్కకు తిరిగి పడుకుంది. ఎండ ఇంట్లోకి వచ్చింది, ఇంకా లేవలేదు. మరీ ఇంతసేపు పడుకుంటే ఏమన్నా అవుతుందా వదినా? లేపమంటారా?

లేపనులెండి.

మీ ఆండాలు