మైకూ, చీపురుపుల్లలూ

ఆగస్టు 2001, ఆదివారం

ఈరోజు మా చర్చి సంఘంలో మళ్లీ సాక్ష్యం చెప్పాను. బీడీ, పేకాట, సినిమా వదిలేశానంటే ఆమెన్లు బాగానే వచ్చాయి. హార్బరు ఐసు ప్లాంటులో ముప్పయ్యేళ్లు పనిచేసినా చల్లగా మాట్లాడటం నాకు అబ్బలేదు. మైకు దొరికితే మరీను. "ఇరవయ్యేళ్ల కిందట బాప్తిస్మం రోజే మా ఆవిడ రత్నం చేత కమ్మలు తీయించాను, మా ఇంట్లో లోకాశలు లేవు" అని కూడా అన్నాను. ఆ కమ్మలు అమ్మిన డబ్బుతోనే సంఘానికి ఈ మైకు కొనిచ్చాను.

ఇంటికొచ్చాక రత్నం ముసుగు తీసి తలకు నూనె రాసుకుంటోంది. కమ్మలుండాల్సిన చోట చిన్న చీపురుపుల్ల ముక్కలు కనిపించాయి.

"ఇదేటే?"

"సెవులు పూడిపోకుండా, బావా."

"ఇరవయ్యేళ్ల నుంచీనా? దేవుడికిచ్చేసినాక మళ్లీ ఆశేటి?"

"నానిచ్చినానేటి? నువ్వు తీయించినావు. నువ్వా మైకు వదిలిన్నాడు నానీ పుల్లలు తీసెత్తాను."

 

వచ్చే ఆదివారం కూడా చెప్పమన్నారు పాస్టరుగారు. వద్దనాలి. కానీ ఈ పుల్లల సంగతి మైకులో చెబితే జనం ఎంత కదిలిపోతారోనని ఇందాకట్నుంచీ మాటలు పేర్చుకుంటూనే ఉన్నాను.