మూడు టికెట్లూ నా బస్సువే

ఏమండీ,

వంట చేసి మూతలు పెట్టాను. పెదనాన్నగారిని ఎండ ఎక్కకముందే కోటకి తీసుకెళ్లండి, లేకపోతే ఆయన సగం మెట్ల మీదే కూలబడతారు. నీళ్ల సీసా మర్చిపోకండి. నిన్న మ్యూజియంలోలా ప్రతి బొమ్మ దగ్గరా ఉపన్యాసం ఇవ్వకండి.

మీ పెద్దమ్మ ఇవాళ కూడా "మోకాళ్లు లేవట్లేదు, మీరు వెళ్లిరండి" అంటుంది. బతిమాలకండి. నిన్న ఆవిడ కళ్లజోడు తుడిచి పెడదామని డబ్బా తెరిస్తే, అందులో మడతపెట్టిన బస్సు టికెట్లు మూడున్నాయి. మూడూ నేను నడిపే బస్సువే. మన వీధి చివర ఎక్కి ఆఖరి స్టాపు దాకా!

కండక్టర్ని అడిగాను. "అవునక్కా, రోజూ చివరి సీట్లో కూర్చుంటుంది. నువ్వు మలుపు తిప్పినప్పుడల్లా పక్కవాళ్లకి ఏదో చెబుతుంది" అంది.

ఏం చెబుతోందంటారు? మన పెళ్లిలో "బస్సు నడిపే పిల్ల సంసారమేం నడుపుతుంది" అన్నది ఈవిడే కదా. ఆ మాట నాకింకా అరగలేదు. ఊరు చూడ్డానికొచ్చి నన్నెందుకు చూస్తోంది? తప్పులు పడుతోందా, మురిసిపోతోందా? ఇవాళ ఓ చెవి అటు వేయమని కండక్టర్‌కి చెప్పాను. మీరు మాత్రం ఏమీ ఎరగనట్టే ఉండండి.

డ్యూటీకి టైమైంది, వెళ్తున్నా.

ఇంకో మాట. మోకాళ్ల నొప్పి అబద్ధం కాదండీ. రాత్రి మందు రాసుకోవడం చూశాను. ఆ మోకాళ్లతోనే రోజూ నా బస్సు మెట్లెక్కుతోంది. ఇవాళ ఫుట్‌పాత్‌కి ఆనించి ఆపుతాను.