టవర్ కింద సాయవ్వ

బాపూ,

నువ్వు పోయి ఇవాళ్టికి మూడేళ్లు. ఇవాళే మన ఊళ్లో సర్కారు సెల్ టవర్ ప్రారంభించారు. ఎల్లారెడ్డి నుంచి ఆఫీసర్లు జీపుల్లో వచ్చారు. టవర్‌కు నిలువెల్లా జెండా రంగులు పూశారు.

"ఇందులో ప్రతి బోల్టూ స్వదేశీదే. ఇక విదేశాల మొహం చూడక్కర్లేదు," అన్నాడు పెద్దాఫీసరు. అందరం చప్పట్లు కొట్టాం.

పక్కింటి సాయవ్వ మాత్రం ఫోన్ చెవికి ఆనించుకునే ఉంది. ఆమె బిడ్డ కాన్పుకని కామారెడ్డి ఆస్పత్రిలో ఉంది.

"ఒక్క ముక్క ఇనవడ్తలేదు సారూ," అంది.

"దేశం గర్వపడే రోజమ్మా. ఇవాళ కూడా ఫిర్యాదులేనా?" అని కసిరాడు.

నాకు ఒళ్లు మండింది. "మా బాపు టెలిఫోన్ లైన్‌మన్ సారూ. ఏ ఇంటికి తీగ కలిపినా, ఆ ఇంటి ముసలామె మాట్లాడితెనే నిచ్చెన తీసేటోడు. మీరు ఎవ్వలతోని మాట్లాడించకుండనే రిబ్బన్ కట్ చేసిన్రు," అన్నాను.

"నీకు దేశం మీద ప్రేమ లేదా?" అన్నాడు.

ఇంతలో జనగణమన మొదలైంది. నేనూ నిలబడి పాడాను. పాట అయ్యాక ఆఫీసరు జీపెక్కాడు. బిడ్డ గొంతు వినడానికి సాయవ్వ కామారెడ్డి బస్సెక్కింది.

దేశం పేరు నువ్వెన్నడూ ఎత్తలేదు బాపూ. కానీ నువ్వు స్తంభం దిగేసరికి ఊళ్లో ఎవరో ఒకరు "అలో" అనేవారు.