పాతబడ్డ కొత్త తలుపులు

మంథని, 1959

తల్లి పండరిపురం నుంచి తిరిగొచ్చే రోజే జైనూరులో పని తెచ్చుకున్న ధైర్యశాలి బామ్మర్దికి, బావ ఆశీస్సులు.

మామ చేయించిన అల్మారా తలుపులకు చెదలు పడితే, మీ అమ్మకు చెప్పకుండా పొయ్యిలో పెట్టింది నువ్వు. కొత్తవి చేయించి, వాటిని పాతవాటిలా కనిపించేలా చేసే పని మాత్రం నా నెత్తిన పెట్టావు.

పాత తలుపుల ఆకుపచ్చ రంగే వేశాను. ఆరాక, అవిసె నూనెలో దీపపు మసి కలిపి పూసి గుడ్డతో తుడిచేస్తే, చెక్కిన పూల సందుల్లో మాత్రమే నలుపు నిలిచింది. ఆకువక్క వేసుకుంటూ సున్నం వేలిని తలుపుకు తుడవడం అత్తకు అలవాటు కదా! ఆ చారలు కూడా గీసి, నా తెలివికి నేనే మురిసిపోయాను.

నిన్న అత్త వచ్చింది. తలుపులు చూసింది. తలెత్తి చారలు చూసింది.

“అల్లుడా, పండరిపురం పోయొస్తె మనుషులు గింత పొడుగైతరా?”

చారలన్నీ నా చేతి ఎత్తున గీశానని అప్పుడు తెలిసింది. నిజం ఒప్పుకున్నాను, నీ పేరే ముందు చెప్పి.

అత్త ఆకు తీసి సున్నం రాసింది.

“గా పిరికోన్ని ఇంటికి రమ్మని రాయి” అంటూ, చూడకుండానే వేలిని తలుపుకు తుడిచింది, నా చారలకు జానెడు కింద.

నీ బావ